రమణారెడ్డికో తిండి, రేలంగికో తిండీనా?

"మాయాబజార్" (1957) మీరెన్నిసార్లు చూశారో నాకు తెలీదు గానీ, ఈసారి చూసేటప్పుడు పాటలూ మాయలూ కాసేపు పక్కన పెట్టి మనుషుల ఆకారాలు మాత్రం చూడండి. చిన్నమయ్యగా రమణారెడ్డి: గాలేస్తే ఎగిరిపోయే రివట. లక్ష్మణకుమారుడుగా రేలంగి: ఎటు చూసినా గుండ్రం. శ్రీకృష్ణుడుగా ఎన్.టి.రామారావు: ఎక్కడెంత కండ ఉండాలో అక్కడంతే. కె.వి.రెడ్డిగారు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, మనుషుల శరీరాలు మూడు రకాలని చెప్పే పుస్తకానికి ఇంతకన్న మంచి బొమ్మలు దొరకవు.

సినిమా పత్రికలో ఈ శరీరాల గొడవ ఎందుకంటారా? మీ ఉత్తరాలే కారణం! తారల పుట్టినరోజులు, పెళ్ళి కబుర్లు అడిగేవాళ్ళు తగ్గారు. తిండి గురించి అడిగేవాళ్ళు పెరిగారు. "నేను బక్కవాణ్ణి, కండలు రావాలంటే రోజూ మాంసం తినాలా?" అని ఒకరు. "మా ఇంట్లో గుడ్డు కూడా వండరు, నాకు సిక్స్‌ప్యాక్ యోగం లేనట్టేనా?" అని ఇంకొకరు. "నాది నీళ్ళు తాగినా లావయ్యే ఒళ్ళు, అన్నం మానేస్తే హీరోయిన్‌లా నాజూగ్గా అవుతానా?" అని మరో అమ్మాయి. అందరి మనసులోనూ ఉన్నది ఒకటే: నా ఒంటి తీరుకి ఏ తిండి పడుతుంది?

దీనికి జవాబు చెప్పే అర్హత నాకెక్కడిదీ? నేను డాక్టర్ని కాను. కానీ ఈ ప్రశ్నకి తప్పుడు జవాబు నమ్మి, పదిహేడేళ్ళు దాని ప్రకారం తిని, చివరికి మాత్ర మింగుతున్నవాణ్ణి. అంతకన్న అర్హత ఏం కావాలి?

కృష్ణానగర్ రూము

2006లో సంగతి. హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒకే గదిలో నేనూ, మా మిత్రుడూ. నాకు 24 ఏళ్ళు, వాడికి 23. నేను పత్రికల్లో రాద్దామని వచ్చాను, వాడు తెర మీద కనిపిద్దామని వచ్చాడు. నేను అయిదడుగుల ఎనిమిదంగుళాల పొడుగు, 56 కిలోల బరువు. వాడు నాకన్న రెండంగుళాలు పొట్టి, 84 కిలోలు. మేమిద్దరం మెస్సుకి వెళితే చాలు, మెస్సు పిన్నిగారు "వచ్చారమ్మా రమణారెడ్డీ, రేలంగీ!" అని నవ్వేది. మాకూ అది సరదాగానే ఉండేది.

సరదా పోయింది ఎప్పుడంటే, మావాణ్ణి చూసి ఒక అసిస్టెంటు డైరెక్టరు "ఫేసు బావుంది బ్రదర్, కాస్త ఒళ్ళు తగ్గించుకురా, హీరో ఫ్రెండు వేషం చూద్దాం" అన్నప్పుడు. ఆ సాయంత్రమే ఇద్దరం దగ్గర్లోని జిమ్ములో చేరాం. అక్కడి కోచ్ మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి ఒకసారి పైనించి కిందికి చూసి తీర్పు చెప్పేశాడు. నేను 'ఎక్టోమార్ఫ్', మావాడు 'ఎండోమార్ఫ్'. గోడ మీద ఒక చార్టు. అందులో మూడు బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద ఒక్కో తిండి.

నాకు చెప్పింది: "నీది కొవ్వు పట్టని బాడీ తమ్ముడూ. ఏదైనా తిను, ఎంతైనా తిను. అన్నం, స్వీట్లు, మటన్, నీ ఇష్టం. నడకా పరుగూ మాత్రం వద్దు, ఉన్న కండ కరిగిపోద్ది."

మావాడికి చెప్పింది: "నీకు అన్నం విషం. రొట్టె విషం. చికెను, గుడ్లు తిను." మావాడు బిక్కమొహం వేసి "మా నాన్నగారు గుళ్ళో అర్చకులండీ, మేం అవి తినం" అన్నాడు. కోచ్ జాలిగా తలాడించి "ఎండోమార్ఫువి, పైగా వెజిటేరియన్‌వి. కష్టం బ్రదర్" అన్నాడు.

ఆ రాత్రి మెస్సులో నేను మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే, మావాడు కీరదోసకాయ ముక్కలు నములుతూ నా కంచం వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

మూడు బొమ్మల పుట్టుపూర్వం

ఆ చార్టులోని మూడు మాటలూ ఎక్కడినించి వచ్చాయో తెలుసుకోవాలని నాకు అప్పట్లో తోచలేదు. చాలా ఏళ్ళ తర్వాత వెదికితే తెలిసింది: అదీ ఒక సినిమాకి సరిపడే కథే!

విలియం షెల్డన్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త. సుమారు 4,000 మంది కాలేజీ కుర్రాళ్ళ నగ్న ఛాయాచిత్రాలు ముందు వేసుకుని, 1940లో ఒక పుస్తకం వేశాడు. గుండ్రటివాడు ఎండోమార్ఫ్, కండగలవాడు మెసోమార్ఫ్, సన్నటివాడు ఎక్టోమార్ఫ్ అని పేర్లు పెట్టింది ఆయనే. ఆయన తాపత్రయమంతా దేని గురించో తెలుసా? తిండి గురించి కాదు! ఒంటి తీరును బట్టి మనిషి స్వభావం చెప్పాలని. లావుపాటివాడు సుఖలాలసుడూ, కండలవాడు దూకుడుగాడూ, సన్నటివాడు ముడుచుకుపోయే రకమూ అని. మన సినిమాల్లో లావుపాటివాడికి కామెడీ, కండలవాడికి ఫైటూ రాసినట్టన్నమాట. ఆ స్వభావాల జోస్యం తర్వాతి పరీక్షల్లో నిలబడలేదు. ఆ ఛాయాచిత్రాల సంగతేమో 1995లో అమెరికా పత్రికకెక్కి పెద్ద రభస అయింది.

ఇంకో తమాషా. షెల్డన్ కూడా ఎవర్నీ పూర్తిగా ఒకే మూసలో వేయలేదు. ప్రతి మనిషికీ మూడు అంకెలు ఇచ్చాడు: గుండ్రం ఇంత, కండ ఇంత, సన్నం ఇంత అని, ఒక్కొక్కటి 1 నించి 7 దాకా. అంటే ఆయన లెక్కలోనే మనమందరం కలగాపులగం! తిండి చార్టులు ఆయన పుస్తకానికి తర్వాత కండల వ్యాపారం అతికించిన తోకలు.

మరి మన వాత పిత్త కఫాల మాటేమిటని మీరడగొచ్చు. "వాతపు ఒళ్ళురా నీది, వంకాయ తినకు" అని మా అమ్మమ్మ కూడా అనేది. అయితే ఆయుర్వేద వైద్యుడు మనిషిని చూసి ఊరుకోడు. ఆకలి, నిద్ర, జీర్ణం, కాలం, వయసు అన్నీ అడుగుతాడు. అద్దంలో బొమ్మ చూసి తిండి రాసిచ్చే పని ఆయన కూడా చేయడు. నెత్తురు గుంపును బట్టి తిండి తినమంటూ 1996లో అమెరికాలో వచ్చిన పుస్తకం ఒకటుంది: 'ఓ' గుంపువాళ్ళు మాంసం, 'ఎ' గుంపువాళ్ళు శాకాహారం తినాలని. అది కోట్ల రూపాయల వ్యాపారమైంది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంవాళ్ళు 1,455 మంది మీద పరిశీలించి 2014లో తేల్చిందేమిటంటే, మంచి తిండి తిన్నవాళ్ళు ఏ గుంపువాళ్ళయినా బాగుపడ్డారు. గుంపుకీ తిండికీ లంకె లేదు.

టిక్కెట్ల క్యూలో పడిపోయిన హీరో ఫ్రెండు

మా గదిలో మొదటి పది రోజులూ మావాడిదే పండగ. నాలుగు కిలోలు తగ్గాడు! కోచ్ వీపు తట్టాడు. నేనే కుళ్ళుకున్నాను.

అది ఎండాకాలం. "పోకిరి" ఆడుతున్న రోజులు. క్రాస్‌రోడ్సులో టిక్కెట్ల కోసం నిలుచున్నాం. ముందు రెండు రోజుల నించీ మావాడు కీరదోసకాయ, మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. క్యూ కదిలింది, మావాడు కదల్లేదు. "ఒరేయ్, కళ్ళు తిరుగుతున్నాయిరా" అని ఒక్క మాట అని, పచ్చి అరటిబోదెలా పక్కకి ఒరిగిపోయాడు. ఎవరో సోడా తెచ్చి మొహాన కొట్టారు. ఇంకెవరో చెరుకురసం తాగించారు. లేచి కూచున్నాక వాడన్న మొదటి మాట: "చెరుకురసంలో ఎన్ని కేలరీలుంటాయిరా?" నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ నాలుగు కిలోల రహస్యం తర్వాత తెలిసింది. మనం తిన్న అన్నం, రొట్టె, చక్కెర చివరికి గ్లూకోజు అవుతాయి. అందులో కొంత కండల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్ అనే రూపంలో నిలవ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్ సుమారు మూడు గ్రాముల నీటిని వెంటబెట్టుకుని ఉంటుంది. అన్నం మానేయగానే ఆ నిలవ ఖర్చయిపోతుంది, దాంతో నీరూ పోతుంది. తూకంలో ముల్లు గబగబా దిగుతుంది. కరిగింది కొవ్వు కాదు, ఎక్కువ భాగం నీరు! మళ్ళీ నాలుగు ముద్దలు తినగానే నీరు తిరిగి వస్తుంది. "వారంలో అయిదు కిలోలు" అని బోర్డు కట్టుకున్నవాళ్ళ కీలకమంతా ఇక్కడే ఉంది. తెర మీద చొక్కా విప్పే సీనుకి ముందు కొందరు నటులు ఉప్పూ నీళ్ళూ తగ్గించి నరాలు తేలేలా చేసుకునేదీ ఇలాంటి ఒకరోజు మాయే. ఆ షాటు అయిపోగానే వాళ్ళు నీళ్ళు తాగుతారు. మనమేమో ఆ ఒక్క షాటుని పోస్టరు చేసి గోడకి అంటించుకుని ఏడాదంతా అలా ఉండాలనుకుంటాం.

మావాడు నెలలో ఆ నాలుగు కిలోలూ, వడ్డీగా మరో రెండూ తెచ్చుకున్నాడు. హీరో ఫ్రెండు వేషం వేరెవరికో పోయింది.

ఎలుకలు చెప్పిన సాక్ష్యం

మాంసం తినేవాళ్ళ జాతి వేరు, అన్నం తినేవాళ్ళ జాతి వేరు, ఒళ్ళే వేరు అనే నమ్మకం ఇప్పటిది కాదు. బ్రిటిషువాళ్ళ కాలంలో ఉత్తరాది సిక్కు సైనికుణ్ణీ, మన మద్రాసు రాష్ట్రపు మనిషినీ పక్కపక్కన నిలబెట్టి "పుట్టుకే అంత" అనేవాళ్ళు. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు ఆ మాట నమ్మకుండా ఒక పని చేశాడు. నీలగిరి కొండల్లో కూనూరులో ఆయనకో ప్రయోగశాల ఉండేది. ఒకే జాతి ఎలుకల్ని గుంపులు చేసి, ఒక గుంపుకి సిక్కుల తిండి, ఒక గుంపుకి పఠాన్ల తిండి, ఒకదానికి మరాఠీలది, ఒకదానికి బెంగాలీలది, ఒకదానికి మద్రాసువాళ్ళది పెట్టాడు. ఇది 1920ల నాటి మాట.

సిక్కుల తిండి తిన్న ఎలుకలు అన్నిటికన్న బలంగా ఎదిగాయి. మద్రాసు తిండి తిన్నవి అన్నిటికన్న చిన్నగా ఉండిపోయాయి. గమనించండి: ఎలుకలన్నీ ఒకే జాతివి! తేడా ఒంట్లో లేదు, కంచంలో ఉంది. ఇంతకీ ఆ సిక్కు కంచంలో ఏముంది? మాంసం కుప్పలేం కావు. పొట్టుతో ఉన్న గోధుమ రొట్టె, పాలు, పెరుగు, వెన్న, పప్పులు, ఆకుకూరలు, ఎప్పుడైనా కాస్త మాంసం. మద్రాసు కంచంలో మరపట్టిన తెల్లబియ్యపు అన్నమే ఎక్కువ, మిగతావన్నీ నామమాత్రం.

ఆ కూనూరు ప్రయోగశాల 1918లో ఒక్క గదిలో మొదలైంది. 1958లో హైదరాబాదుకి తరలింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే! దాని ముందునించే సిటీబస్సులో సినిమాలకి వెళ్ళిన మాలాంటివాళ్ళం, జిమ్ము గోడ మీది చార్టు నమ్మాం. ఎంత విచిత్రం!

ఒకే తార, రెండు ఆకారాలు

సినిమావాళ్ళనే సాక్షులుగా పిలుద్దాం. 2015లో "బాహుబలి"లో దేవసేనగా కనిపించిన అనుష్క, అదే ఏడాది "సైజ్ జీరో"లో బాగా ఒళ్ళుచేసి కనిపించింది. పాత్ర కోసం కావాలని బరువు పెరిగింది. ఆ చిత్రం కథ కూడా ఏమిటి? త్వరగా సన్నబెడతామనే మోసాల మీదే! "దంగల్" (2016)లో అమీర్‌ఖాన్ వయసు మళ్ళిన మల్లయోధుడి కోసం సుమారు 97 కిలోలకి పెరిగి, పడుచు మల్లయోధుడి సన్నివేశాల కోసం నెలల తరబడి కష్టపడి తగ్గాడు. ఒకే చిత్రంలో ఒకే మనిషి 'ఎండో', 'మెసో' రెండూను! మరి చార్టులో ఆయన్ని ఏ బొమ్మ కింద వేస్తారు?

అలాగని నేను ఎముకల వెడల్పూ, పుట్టుకతో వచ్చే తీరూ అబద్ధమనడం లేదు. తల్లిదండ్రుల పోలిక రాకుండా ఎలా ఉంటుంది? రమణారెడ్డిగారు ఎంత తిన్నా రేలంగిగారు కాలేరు. కానీ 'ఇంత పొడుగువాడికి ఈ ఆకారం ఉంది కాబట్టి మాంసం పడుతుంది, అన్నం పడదు' అనే జోస్యం మాత్రం ఎక్కడా రుజువు కాలేదు.

దీన్ని తేల్చడానికే అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళు బరువెక్కువున్న 609 మందిని తీసుకుని, సగంమందికి కొవ్వు తగ్గించిన తిండి, సగంమందికి పిండిపదార్థాలు తగ్గించిన తిండి ఏడాదిపాటు తినిపించారు. ఎవరికి ఏది పడుతుందో ముందే చెప్పగలమేమోనని వాళ్ళ జన్యువులూ, ఇన్సులిన్ తీరూ కూడా పరీక్షించి పెట్టుకున్నారు. 2018లో ఫలితం వచ్చింది. కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. అంటే ఇంచుమించు సమానమే. రెండు గుంపుల్లోనూ బోలెడు తగ్గినవాళ్ళున్నారు, తిరిగి పెరిగినవాళ్ళూ ఉన్నారు. ముందు చేసిన పరీక్షలు దేన్నీ చెప్పలేకపోయాయి. రెండు గుంపులకీ ఉమ్మడిగా చెప్పింది ఒకటే: చక్కెరా మైదా తగ్గించండి, కూరగాయలు పెంచండి అని. ప్రయోగశాల పరీక్షలే చెప్పలేని సంగతి జిమ్ము కోచ్ కంటిచూపుతో చెప్పగలడా?

మాంసమా, పప్పా?

ఇక శాకాహారుల బెంగ తీర్చాలి. ఆస్ట్రేలియా ఈతగాడు ముర్రే రోజ్ చిన్ననాటినించీ శాకాహారి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్ళ వయసులో మూడు బంగారు పతకాలు కొట్టాడు. కాబట్టి మాంసం లేనిదే బలం రాదనేది ఉత్త మాట.

అయితే మాంసాహారికి సులువుగా దొరికేది శాకాహారి లెక్క చూసి సంపాదించుకోవాలి. అదే మాంసకృత్తులు, మీరు జిమ్ములో ప్రోటీన్ అంటారే అది. తార్నాకవాళ్ళ 2020 లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. బరువులెత్తి కండలు పెంచేవాళ్ళకి కిలోకి 1.6 గ్రాముల దాకా ఉపయోగపడుతుంది, ఆపైన తిన్నా పెద్దగా ఒరిగేదేం లేదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు. గ్లాసు పాలలో ఇంచుమించు అంతే. గుప్పెడు వేరుసెనగపప్పులో 7. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22, కానీ మెస్సు పప్పులో గరిటెకి ఎన్ని పలుకులుంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు! యాభై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 25 దాకా ఉంటాయి.

మన పెద్దవాళ్ళ పప్పన్నంలో ఒక గొప్ప కిటుకుంది. బియ్యపు మాంసకృత్తుల్లో లైసిన్ అనే భాగం తక్కువ. పప్పులో అది పుష్కలం. పప్పులో తక్కువైన మరో భాగం బియ్యంలో ఉంది. రెండూ కలిస్తే లోటు తీరుతుంది. చిక్కంతా పాళ్ళలోనే: మనం కుంచెడన్నంలో చెంచాడు పప్పు కలుపుతాం. 2024లో తార్నాక సంస్థ ఇచ్చిన సూచనల్లో ధాన్యాలనించి వచ్చే శక్తి 45 శాతం మించవద్దన్నారు. మన కంచాల్లో అది 50 నించి 70 శాతం దాకా ఉంటోంది.

శాకాహారులు మరిచిపోకూడనిది బి12 విటమిన్. అది మొక్కల తిండిలో దొరకదు. పాలూ పెరుగూ సరిగ్గా తీసుకోకపోతే లోటు వస్తుంది. నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు ఉంటే డాక్టరుకి చూపించుకోవాలి. ఇక మాంసాహారులకి ఒక మాట: కోడికూరతో పాటు నాలుగు గరిటెల బిర్యానీ అన్నం, మీద చల్లటి సీసా తాగి "ప్రోటీన్ తిన్నాను" అనుకోకండి. నేనూ అలాగే అనుకున్నాను.

సన్నవాడికి షుగరేమిటి?

నా సంగతి చెప్పలేదు కదూ. 'ఏదైనా తిను' అన్న మాట నాకు వరంలా తోచింది. నా రివట ఒంటికి అదే లైసెన్సు. రోజుకి మూడుపూటలా అన్నం, ప్రివ్యూల్లో సమోసాలు, షూటింగుల్లో టీ మీద టీ, అర్ధరాత్రి బిర్యానీ. జిమ్ము ఏడాదిలో మానేశాను, తిండి మానలేదు. చేతులూ కాళ్ళూ అలాగే పుల్లల్లా ఉన్నాయి. చొక్కా కింద చిన్న బొజ్జ మాత్రం వచ్చింది. "సన్నవాడివే గదరా" అని అందరూ అంటుంటే నేనూ దాన్ని పట్టించుకోలేదు.

2023లో ఏదో భీమా కాగితాల కోసం నెత్తురు పరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది. మూణ్ణెల్ల చక్కెర సగటు చెప్పే పరీక్షలో 7.4 వచ్చింది. 6.5 వచ్చిందంటేనే షుగరు వ్యాధి లెక్క. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ "ఏరా, నీకు షుగరేమిట్రా? కాగితం ఎవరిదో మారిపోయుంటుంది, మళ్ళీ చేయించు" అంది. మళ్ళీ చేయించాను. కాగితం నాదే.

డాక్టరుగారు నా బరువు చూడలేదు. టేపు తీసుకుని నడుం కొలిచారు. 94 సెంటీమీటర్లు. "మనవాళ్ళలో మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడాలండీ. మీరు సన్నగా లేరు, సన్నగా కనిపిస్తున్నారు" అన్నారు. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

ఆయనే ఒక సంగతి చెప్పారు. పుణే డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో ఒకటి 2004లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చింది. పొడుగుకి తగ్గ బరువు లెక్క, అదే బి.ఎమ్.ఐ., ఇద్దరికీ 22.3. చూస్తే ఇద్దరూ సన్నటివాళ్ళే. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం! మన దేశంలో ఇలాంటి 'సన్నటి లావువాళ్ళు' బోలెడుమంది. 2023లో వెలువడిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లమందికి పైగా షుగరు ఉంది. వాళ్ళంతా రేలంగిలు కారు. అందులో రమణారెడ్డిలూ ఉన్నారు.

కారణం కూడా డాక్టరుగారే విడమరిచారు. తిన్న అన్నం గ్లూకోజయ్యాక దాన్ని ఎక్కువగా దాచుకునే గోదాము కండలే. నాబోటివాడికి కండ తక్కువ, అంటే గోదాము చిన్నది. రోజుకి మూడు లారీల సరుకు దింపితే ఎక్కడ పెట్టాలి? మిగిలింది పొట్టలోపల కొవ్వయి చేరుతుంది. అంటే ఆ చార్టు 'అన్నం ఎంతైనా తిను, నడవకు' అని ఎవరికి చెప్పిందో, ఆ మనిషికే ఆ సలహా అన్నిటికన్న ప్రమాదం!

అద్దంలో కనపడని తేడాలు

ఒంటికీ ఒంటికీ తేడాలు లేవా? ఉన్నాయి. దక్షిణాదిలో చాలామందికి పెద్దయ్యాక పాలు సరిగ్గా అరగవు, పెరుగు మాత్రం హాయిగా పడుతుంది. తరతరాలుగా శాకాహారం తిన్నవాళ్ళలో, మొక్కల నూనెలనించి ఒంటికి కావలసిన కొవ్వుల్ని తయారుచేసుకునే జన్యువు ఎక్కువగా ఉంటుందని 2016లో బయటపడింది. పుణేలో పరీక్షించినవాళ్ళలో 68 శాతం మందికి అది ఉంటే, అమెరికాలోని కాన్సస్‌వాళ్ళలో 18 శాతం మందికే ఉంది. కానీ ఇవేవీ అద్దంలో కనిపించవు. భుజాల వెడల్పు కొలిస్తే తెలియవు. మీకేది పడుతుందో మీ కడుపు చెబుతుంది, నడుం చుట్టుకొలత చెబుతుంది, నెత్తురు పరీక్ష చెబుతుంది. మీరు చేసే పనీ, మీ వయసూ చెబుతాయి. పొలంలో మట్టి మోసేవాడి అన్నం ముద్ద, రోజంతా కుర్చీలో కూచుని సమీక్షలు రాసే నాబోటివాడికి పడదు. ఇద్దరి ఒంటి తీరూ ఒకటే అయినా సరే!

నేనిప్పుడు ఏం చేస్తున్నానంటారా? కంచంలో సగం కూరలు. పావువంతు పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావులోనే అన్నం. వారానికి మూడు రోజులు బరువులెత్తుతున్నాను, గోదాము పెంచుకోవడానికి. తిన్నాక పది నిమిషాలు నడుస్తున్నాను. ఏడాదిన్నరకి 7.4 కాస్తా 6.3 అయింది. మాత్ర మాత్రం మానలేదు, మానమని ఎవరూ చెప్పలేదు. ఇది నా కంచం సుమా! దీన్ని చూసి మీ కంచం మార్చేయకండి. మీ డాక్టర్ని అడగండి.

మావాడు? వేషాలు రాలేదు గానీ గొంతు పనికొచ్చింది. డబ్బింగులో స్థిరపడ్డాడు. మీరు ఎందరో బక్కపల్చటి హీరోల గొంతుగా వింటున్నది ఆ గుండ్రటి మనిషినే! ఇప్పటికీ శాకాహారే. పప్పు, పెరుగు, ఉడికించిన సెనగలు, కాసిన్ని బి12 మాత్రలు. రోజూ కృష్ణకాంత్ పార్కులో గంట నడుస్తాడు. పదేళ్ళలో పన్నెండు కిలోలు తగ్గాడు. అంటే ఏడాదికి కిలో పైచిలుకు! చూసేవాళ్ళకి ఇంకా లావుగానే ఉంటాడు, నెత్తురు పరీక్షలో మాత్రం నాకన్న నయం.

మొన్న ఇద్దరం కూచుని "మాయాబజార్" మళ్ళీ చూశాం. ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావుగారి నోట్లోకి లడ్లు వరసగా ఎగిరెళుతుంటే మావాడు నా వైపు తిరిగి "ఒరేయ్, ఆయనకి ఏ చార్టు ఇచ్చేవాడంటావు మన కోచ్?" అన్నాడు. అంత భారీ మనిషి, అంత భారీ భోజనం, అందులో ఒక్క మాంసం ముక్క లేదు! ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే వాడు ప్లేటులోని ఒక్క లడ్డూని రెండు ముక్కలు చేసి, పెద్దది తన వైపుకి లాక్కుని, చిన్నది నా చేతిలో పెట్టాడు.

"నువ్వు ఎక్టోమార్ఫువి కదరా, నీకింతే!" అన్నాడు.